గయానాకి బ్యాగ్ తగిలించుకుని వెళ్లాలంటే: వైజాగ్ వాళ్ల కోసం

గయానా వెళ్తున్నానని మన ఊళ్లో చెప్పి చూడండి, చాలామంది ఘనా అనుకుని ఆఫ్రికా గురించి అడుగుతారు. గయానా ఉన్నది దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున, వెనిజులాకీ సురినామ్‌కీ మధ్య, కింద బ్రెజిల్. ఆ ఖండంలో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న స్వతంత్ర దేశం ఇదొక్కటే కాబట్టి స్పానిష్ రాదన్న బెంగ అక్కర్లేదు. విస్తీర్ణం సుమారు 2,15,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దదే. జనం మాత్రం తొమ్మిది లక్షల లోపు, వైజాగ్ నగరంలో సగం మంది కూడా లేరు. ఆ ఉన్నవాళ్లలో ఎక్కువ మంది సముద్రం పక్కన సన్నటి పట్టీలోనే ఉంటారు, మిగతాదంతా అడవి, నదులు, గడ్డి మైదానాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది చవక దేశం కాదు. పెరూ, బొలీవియా వెళ్లొచ్చిన వాళ్ల లెక్కలు చూసి రోజుకింత అని బడ్జెట్ వేసుకుంటే ఇక్కడ సగం దారిలోనే డబ్బులు అయిపోతాయి. 2015లో సముద్రంలో చమురు దొరికింది, 2019 చివర్లో తియ్యడం మొదలుపెట్టారు, అప్పట్నుంచి రాజధాని జార్జ్‌టౌన్‌లో గదుల రేట్లు కంపెనీ ఖర్చుతో వచ్చేవాళ్లకి తగ్గట్టు పెరిగిపోయాయి. హాస్టల్ మంచాలు తక్కువ. అయినా అసలు ఖర్చు గది కాదు, రవాణా. లోపలికి వెళ్లే ప్రతి పడవకీ, జీపుకీ, చిన్న విమానానికీ పెట్రోలు దూరం నుంచి మోసుకొస్తారు, ఆ ఖర్చు మీ దగ్గరే వసూలవుతుంది. అందుకే అన్నీ చూసెయ్యాలనుకోకండి. జార్జ్‌టౌన్, కైటూర్ జలపాతం, మళ్లీ జార్జ్‌టౌన్ నుంచి రోడ్డు మీద దక్షిణానికి రుపునూని మైదానాలు, తిరుగు ప్రయాణం విమానంలో: ఈ ఒక్క గీత పట్టుకుని వెళ్తే డబ్బూ ఒళ్లూ రెండూ నిలబడతాయి. రెండు మూడు వారాలు ఉంటే హాయిగా సరిపోతుంది, వారం రోజులకైతే విమానం టికెట్టు ఖర్చు దండగ.

మనకి వీసా కావాలి. ఢిల్లీలో గయానా హైకమిషన్ ఉంది, టికెట్లు కొనేముందు వాళ్ల ప్రస్తుత నిబంధనలు చూసుకోండి, పాత అనుభవాలు నమ్ముకోకండి. నిజానికి గయానా వీసా కంటే దారిలో వచ్చే దేశాలతోనే టెన్షన్. న్యూయార్క్, మయామీల నుంచి జార్జ్‌టౌన్‌కి నేరుగా విమానాలు ఉంటాయి, కానీ అమెరికాలో విమానం మారడానికైనా వీసా ఉండాల్సిందే. లండన్ మీదుగా అయితే ఎయిర్‌పోర్టు దాటకపోయినా మనకి ట్రాన్సిట్ వీసా కావాలి, చెల్లుబాటులో ఉన్న అమెరికా లేదా కెనడా వీసా ఉన్నవాళ్లకి సాధారణంగా మినహాయింపు ఉంటుంది. యూరప్ దేశాల్లో కొన్ని అడుగుతాయి, కొన్ని అడగవు. బార్బడోస్, ట్రినిడాడ్‌లకి మాత్రం మనకి వీసా అక్కర్లేదు, రెండింటి నుంచీ జార్జ్‌టౌన్ దగ్గరే, కాబట్టి ఎలాగోలా అక్కడిదాకా చేరగలిగితే మిగతాది తేలిక. పనామా మీదుగా కూడా ఒక దారి ఉంది. ఏ దారైనా వైజాగ్ నుంచి చివరిదాకా ఒకే టికెట్టు మీద దొరకడం కష్టం. హైదరాబాద్ లేదా ఢిల్లీ నుంచి పెద్ద టికెట్టు తీసుకుని, వైజాగ్ విమానానికీ దానికీ మధ్య కనీసం ఒక పూట ఖాళీ పెట్టుకోండి. విడివిడి టికెట్లలో మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరూ డబ్బులు తిరిగివ్వరు.

ఎల్లో ఫీవర్ టీకా విషయం చాలామంది చివర్లో గుర్తు తెచ్చుకుంటారు, అలా చెయ్యొద్దు. గయానా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా సర్టిఫికెట్ లేకుండా అక్కడ్నుంచి ఇండియాకి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల వరకూ క్వారంటైన్‌లో పెట్టొచ్చు, ఇందులో సిఫార్సులు పనిచెయ్యవు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వెయ్యాలి, ప్రతి ఆసుపత్రిలోనూ దొరకదు, ముందుగా స్లాట్ తీసుకోవాలి. మనది పోర్టు ఊరు కాబట్టి షిప్పుల మీద పనిచేసేవాళ్లు ఇంటికొకరో వీధికొకరో ఉంటారు, ఎక్కడ వేయించుకున్నారో వాళ్లని అడిగితే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. లోపలి అడవుల్లో మలేరియా కూడా ఉంది, మందు ముందు నుంచే వేసుకోవాలా, ఏది వేసుకోవాలి అన్నది డాక్టరు చెప్పాలి, మెడికల్ షాపు కుర్రాడు కాదు.

ఎప్పుడు వెళ్లాలంటే, తీరంలో ఏడాదికి రెండు వానాకాలాలు. మే నుంచి ఆగస్టు దాకా పెద్దది, డిసెంబరు, జనవరి ప్రాంతంలో చిన్నది. రుపునూనిలో ఒక్కటే, మే నుంచి ఆగస్టు చివరి దాకా, కానీ ఆ ఒక్కటీ గట్టిది. మైదానాలు చెరువులైపోతాయి, రోడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. సెప్టెంబరు నుంచి నవంబరు, లేదంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చూసుకోండి. నన్నడిగితే సెప్టెంబరు, అక్టోబరే, ఎందుకంటే వానలు అప్పుడే తగ్గి జలపాతంలో నీళ్లు బాగుంటాయి, రోడ్డు ఆరుతూ ఉంటుంది. ఎండకి భయపడక్కర్లేదు, ఏడాదంతా వైజాగ్‌లో చెమట కార్చేవాళ్లకి జార్జ్‌టౌన్ ఉక్కపోత కొత్తేమీ కాదు.

బ్యాగ్ చిన్నది పెట్టుకోండి. అక్కడి చిన్న విమానాల్లో సామాను బరువు తూస్తారు, మిమ్మల్ని కూడా కాటా ఎక్కిస్తారు, సిగ్గుపడకండి. పొడుగు చేతుల పల్చటి చొక్కాలు, త్వరగా ఆరే ప్యాంట్లు, గట్టి టార్చి, దోమల మందు, బ్యాగ్ మొత్తాన్ని లోపలినుంచి కప్పే మందపాటి ప్లాస్టిక్ సంచి. ఈ సంచీ, నైలాన్ తాడూ పూర్ణా మార్కెట్లో దొరికేవే చాలు, ట్రెకింగ్ బ్రాండ్లవి కొననక్కర్లేదు. పవర్ బ్యాంకు తప్పనిసరి. ప్లగ్గులు ఒక్కో భవనంలో ఒక్కో రకం, వోల్టేజీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కాబట్టి యూనివర్సల్ అడాప్టర్ తీసుకెళ్లండి, ఛార్జర్ మీద 100-240 అని రాసి ఉందో లేదో చూసుకోండి. కారప్పొడి ఒక డబ్బా పెట్టుకోండి, ఆవకాయ వద్దు, నూనె కారితే బ్యాగంతా పోతుంది.

నడక అలవాటు లేకపోతే ఒక నెల ముందు నుంచి నిండా సర్దిన బ్యాగుతో సింహాచలం మెట్లు ఎక్కి దిగండి. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు పూర్తి చేసినవాళ్లకి గయానాలో కాళ్ల నొప్పి సమస్య రాదు, బ్యాగ్ పట్టీ భుజాన్ని ఎక్కడ కోస్తుందో మాత్రం బరువుతో నడిస్తేనే తెలుస్తుంది.

డబ్బు సంగతి. అక్కడ గయానా డాలరు, ఒక అమెరికా డాలరుకి సుమారు 209. మన రూపాయలు ఎవరూ తీసుకోరు. అమెరికా డాలర్లు నలిగిపోనివి, చిరగనివి పట్టుకెళ్లి జార్జ్‌టౌన్‌లో మార్చుకోండి, అక్కడ మార్పిడి కొట్లని కాంబియో అంటారు. ఏటీఎంలు రాజధానిలో ఉన్నాయి కానీ మీ కార్డు ప్రతి దాంట్లోనూ పనిచేస్తుందని అనుకోవద్దు, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకోండి. లోపలి ఊళ్లకి వెళ్లేముందు అక్కడి ఖర్చంతా నగదు రూపంలో, అందులోనూ చిన్న నోట్లు ఎక్కువ ఉండేలా తీసుకోవాలి. సిమ్ కార్డు రాజధానిలోనే కొనండి. అడవిలో సిగ్నల్ లేని గంటలు చాలా ఉంటాయి, మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా కూడా ఉంది, ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని ఇంట్లో ముందే చెప్పండి. లేకపోతే అమ్మ హైకమిషన్‌కి ఫోన్ చేస్తుంది. జార్జ్‌టౌన్‌లో భారత హైకమిషన్ ఉంది, ఆ నంబరు మీ దగ్గరా ఇంట్లోనూ కాగితం మీద రాసి ఉంచండి.

విమానాలు దిగేది తిమెహ్రీలోని ఛెద్దీ జగన్ ఎయిర్‌పోర్టులో. ఆయన అక్కడ అధ్యక్షుడిగా చేశారు, తల్లిదండ్రులు ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లా నుంచి పసిపిల్లలుగా వెళ్లినవాళ్లు. నగరానికి నలభై కిలోమీటర్లు. పగలు దిగితే 42 నంబరు మినీబస్సు స్టాబ్రోక్ మార్కెట్ దాకా తీసుకొస్తుంది, రాత్రి దిగితే మాత్రం బేరం ఆడకుండా టాక్సీ ఎక్కండి. టాక్సీలు పసుపు రంగులో ఉంటాయి, నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవ్వాలి. మినీబస్సుల్లో పాటల మోత, వేగం చూసి భయపడతారేమో గానీ, మన ఆటోల్లో వేలాడినవాళ్లకి నాలుగో రోజుకి అలవాటైపోతుంది.

జార్జ్‌టౌన్ సముద్రమట్టం కంటే కింద ఉన్న ఊరు. ఒకప్పటి డచ్చివాళ్లు తవ్విన కాలవలు, పోటు వచ్చినప్పుడు మూసి, పాటులో తెరిచే కోకర్ అనే తలుపులు, పొడుగాటి సముద్రపు గోడ, వీటి మీదే నగరం బతుకుతోంది. ఆదివారం సాయంత్రం ఊరంతా ఆ గోడ మీదే ఉంటుంది, మన ఆర్కే బీచ్ రద్దీ గుర్తొస్తుంది, సముద్రం మాత్రం బురద రంగు, స్నానాలు అవీ పెట్టుకోకండి. చెక్కతో కట్టిన సెయింట్ జార్జ్ కేథడ్రల్, 1881లో ఇనుముతో కట్టిన స్టాబ్రోక్ మార్కెట్, బొటానికల్ గార్డెన్‌లో మానటీలు అనే పెద్ద నీటి జంతువులు, ఇవన్నీ నడిచి చూసెయ్యొచ్చు. స్టాబ్రోక్ దగ్గర ఫోన్ చేతిలో ఊపుకుంటూ తిరగొద్దు, మెడలో గొలుసు ఇంట్లో వదిలి రండి. చీకటి పడ్డాక నడక ఆపెయ్యాలి, రెండు వీధుల దూరమైనా టాక్సీయే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, అక్కడివాళ్లు కూడా అలాగే చేస్తారు.

తిండికి ఇబ్బంది లేదు, మన వంటలు అక్కడికి ఎప్పుడో చేరాయి. 1838 మే 5న కలకత్తా నుంచి విట్బీ, హెస్పెరస్ అనే ఓడల్లో మొదటి భారతీయ కూలీలు అక్కడ దిగారు. 1917 వరకూ సుమారు 2,39,000 మందిని చెరకు తోటలకి తీసుకెళ్లారు. అందులో ఎక్కువ మంది ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు వాళ్లు, మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులూ మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లందరినీ అక్కడ మద్రాసీలనే అంటారు. తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారని ఆశ పెట్టుకోవద్దు, భాష తరాల కిందటే పోయింది, కానీ తూర్పున బెర్బీస్ వైపు కాళీమాయి గుళ్లు ఉన్నాయి, మారియమ్మ పూజ, తప్పెట్లు, వేపాకులు, ఆదివారం వెళ్తే మన గ్రామదేవతల జాతరలు తెలిసినవాళ్లకి అన్నీ అర్థమవుతాయి. చెప్పులు విప్పి, ఫోటో తీసేముందు అడగండి, అంతే.

రోటీ, కూర ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు ధాల్‌పూరీ, శనగల కూర, ఆలూ కూరతో తీరంలో ఎన్నాళ్లైనా గడపొచ్చు. ఫులౌరీ అంటే పప్పు పిండితో వేసిన పునుగులే, మామిడి పచ్చడితో ఇస్తారు. పెళ్లిళ్లలో, పూజల్లో పెద్ద తామరాకులో ఏడు కూరలు వడ్డిస్తారు, ఎవరైనా పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. మాంసం తినేవాళ్లు పెప్పర్‌పాట్ తప్పకుండా తినాలి. అది అడవిలోని ఆదివాసుల వంట, చేదు కర్రపెండలం రసంలో ఉన్న విషం పోయేదాకా మరగబెట్టి చేసే నల్లటి కాసరీప్‌తో వండుతారు. లోపలికి వెళ్లేకొద్దీ కూరగాయలు తగ్గిపోతాయి, కర్రపెండలం రొట్టె, ఫరీన్ అనే రవ్వ, చేపలు, కారప్పొడి డబ్బా విలువ అప్పుడు తెలుస్తుంది.

ఎవరితోనైనా మాట కలపాలంటే క్రికెట్ ఎత్తండి. క్లైవ్ లాయిడ్, రోహన్ కన్హాయ్, చందర్‌పాల్ అందరూ అక్కడివాళ్లే. ప్రావిడెన్స్ స్టేడియం 2007 ప్రపంచకప్ కోసం భారతదేశం సాయంతో కట్టినది. మీరు ఇండియా అని చెప్పగానే టాక్సీ డ్రైవరు కోహ్లీ గురించి మొదలుపెడతాడు, దిగేసరికి ఛార్జీ కూడా కాస్త తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు కూడా.

ఇక కైటూర్. పొటారో నది ఒక్క దూకులో 226 మీటర్లు కిందకి పడుతుంది, నయాగరా కంటే నాలుగు రెట్లకు పైనే ఎత్తు. అడవిలో కుళ్లిన ఆకుల వల్ల నీళ్లు గోధుమ రంగులో ఉంటాయి. ఓగల్ అనే చిన్న ఎయిర్‌పోర్టు నుంచి పన్నెండు మంది పట్టే విమానాల్లో దాదాపు గంట, అక్కడ రెండు గంటలు గైడుతో తిరగడం, వెనక్కి రావడం. ఖర్చు 200 డాలర్లు దాటుతుంది. సరిపడా జనం లేకపోతే విమానం ఎగరదు, మబ్బు పడితే ఎగరదు, కాబట్టి ప్రయాణం మొదటి రోజుల్లోనే పెట్టుకుని తర్వాత రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి, శని, ఆదివారాల్లో జనం దొరకడం తేలిక. చూసే చోట్ల చాలావరకు కమ్మీలు ఉండవు, సెల్ఫీ పిచ్చి ఉన్న స్నేహితుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. పెద్ద బ్రొమీలియాడ్ మొక్కల ఆకుల మధ్య నిలిచిన నీళ్లలో గోరంత పసుపు కప్పలు ఉంటాయి, గైడు చూపించేదాకా మనకి కనిపించవు. తీరిక, ఓపిక ఉంటే నేల మీద, పడవల్లో నాలుగైదు రోజులు ప్రయాణించి కింది నుంచి ఎక్కే దారి కూడా ఉంది. చివరి నిటారు ఎక్కుడుకి అక్కడివాళ్లు ఓ మై గాడ్ అనే పేరే పెట్టారు. అది సొంతంగా చేసేది కాదు, నిర్వాహకులతోనే వెళ్లాలి.

లేథెమ్ రోడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. జార్జ్‌టౌన్ నుంచి దక్షిణాన బ్రెజిల్ సరిహద్దులోని లేథెమ్ దాకా ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. బాక్సైటు గనుల ఊరు లిండెన్ వరకూ తారు, తర్వాత చాలావరకు ఎర్రమట్టి. మినీబస్సులు సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి కురుపుకారి దగ్గర ఎసెక్విబో నది ఒడ్డుకి చేరతాయి, అక్కడ పంటు మీద బస్సుతో సహా దాటాలి. రాత్రి పంటు నడవదు, అందుకే దారిలో ఎక్కడో ఆపుతారు, అద్దె హ్యామక్‌లో, అంటే కట్టిన గుడ్డ ఊయలలో, రెండు గంటలు నడుం వాల్చుకోవచ్చు. ఎండాకాలంలో పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు, వానాకాలంలో ఎప్పుడు చేరతారో డ్రైవరు కూడా చెప్పడు. సీటు ముందురోజే వెళ్లి రాయించుకోండి, డ్రైవరు వెనక వరస అడగండి, చిట్టచివరి వరసలో కూర్చుంటే నడుం విరిగిపోతుంది. దారి పొడుగునా పోలీసు తనిఖీలు ఉంటాయి, పాస్‌పోర్టు బ్యాగ్ అడుగున కాకుండా ఒంటి మీదే ఉండాలి. ముక్కుకి గుడ్డ, తిండి, నీళ్లు, చలి వేస్తే కప్పుకోవడానికి ఒక దుప్పటి. కొంతమంది ఈ రోడ్డు తప్పించుకుని రెండువైపులా విమానంలో వెళ్తారు, డబ్బు ఉంటే తప్పులేదు, కానీ అడవి గోడల మధ్య గంటల తరబడి వెళ్లి, ఉన్నట్టుండి చెట్లు ఆగిపోయి రుపునూని మైదానం విప్పుకోవడం విమానంలో కనిపించదు.

నేరుగా లేథెమ్‌కి పోకండి, మధ్యలో దిగండి. నది దాటగానే ఇవోక్రామా అడవి, సుమారు 3,71,000 హెక్టార్లు, చెట్ల కొమ్మల ఎత్తున, నేలకి ముప్ఫై మీటర్ల పైన కట్టిన ఊగే వంతెనలు ఉన్నాయి. దాని పక్కనే సురామా, మకూషీ ఆదివాసుల ఊరు, అతిథి గృహాలు ఊరివాళ్లే నడుపుతారు. ఇంకొంచెం ముందుకి వెళ్తే రేవా ఊరి దగ్గర మనిషి కంటే పొడుగైన అరపైమా చేపలు, యుపుకారీ దగ్గర నల్ల కైమన్ మొసళ్లు, కరనాంబూ దగ్గర తెల్లవారుజామున గడ్డిలో నడిచే పెద్ద చీమతిండి జంతువు, నదిలో పెద్ద నీటికుక్కలు. ఇవన్నీ చుట్టబెట్టొద్దు, రెండు చోట్లు ఎంచుకుని ఒక్కోచోట మూడు రాత్రులు ఉండండి.

ఈ ఊళ్లకి చెప్పకుండా వెళ్లి దిగకూడదు. ఆదివాసుల భూమి వాళ్ల పంచాయతీదే, పెద్దని తొషావ్ అంటారు, అనుమతి ముందే తీసుకోవాలి. జార్జ్‌టౌన్ నుంచి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఊరి అతిథి గృహంతో మాట్లాడుకుంటే ఆ అనుమతి వాళ్లే చూసుకుంటారు, బస్సు దిగేచోటికి మోటార్ సైకిలో జీపో పంపుతారు. ధర మాట్లాడేటప్పుడు పడవకి పెట్రోలు అందులో కలిసిందా లేదా అని స్పష్టంగా అడగండి, బిల్లు పెరిగేది అక్కడే. వెనిజులా సరిహద్దు వైపు మాత్రం వెళ్లకండి, ఎసెక్విబో ప్రాంతం తమదేనని ఆ దేశం పేచీ పెడుతోంది, కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో నడుస్తోంది.

లేథెమ్‌లో పెద్దగా చూసేదేమీ లేదు, ఈస్టర్ సమయంలో జరిగే రోడియో, అంటే గుర్రాలూ ఎద్దుల మీద స్వారీ పోటీలు, తప్ప. తకుతూ నది మీద వంతెన దాటితే బ్రెజిల్. ఎడమ పక్క నడిచే వాహనాలు ఆ వంతెన దగ్గర కుడి పక్కకి మారిపోతాయి, చూడ్డానికి సరదాగా ఉంటుంది. బ్రెజిల్ వీసా లేకపోతే చూసి వెనక్కి రావడమే, "ఐదు నిమిషాలు అటు వెళ్లొద్దాం" అని ఎవరైనా తీసుకెళ్తానన్నా వెళ్లకండి. జార్జ్‌టౌన్‌కి తిరుగు విమానంలో సీట్లు తక్కువ, బయల్దేరేముందే కొని పెట్టుకోండి, ఇండియా విమానానికి కనీసం రెండు రోజుల ముందు రాజధాని చేరేలా చూసుకోండి. కాసరీప్ సీసా కొంటే చెక్-ఇన్ బ్యాగులో, రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టి.